కాంతార: మొదట ఏది చూడాలి?
2022లో వచ్చిన కన్నడ సినిమా ‘కాంతార’, 2025 అక్టోబరు 2న విడుదలైన ‘కాంతార చాప్టర్ 1’. రెండూ రిషబ్ శెట్టి తీసి, నటించినవే. రెండింటికీ ఊపిరి కర్ణాటక తీరంలోని తుళునాడు దైవారాధనే. కథాకాలం ప్రకారం రెండోదే ముందు: కదంబుల కాలం, రాజులు, యుద్ధాలు. హంగు ఎక్కువ, కంటికి విందు.

అయినా నా ఓటు పాతదానికే. కంబళ (దున్నల పరుగు పందెం) బురద, అటవీ అధికారితో పేచీ, ఊరి భూమిపై కన్నేసిన భూస్వామి, చివర గుళిగ అనే దైవం పూనిన కథానాయకుడు శివ... అంతా ఒక్క ఊళ్లోనే. భూతకోల అనే ఆరాధనలో, మనిషిని పూనిన దైవం ఊరి తగవులకు తీర్పు కూడా చెబుతుంది. ఆ సంగతి ఇక్కడే బాగా అర్థమవుతుంది. బోనాల రంగంలో భవిష్యవాణి విన్నవారికి ఆ పూనకం కొత్తగా అనిపించదు.

చాప్టర్ 1కి మాత్రం పెద్ద తెర కావాలి. ఫోనులో చూస్తే సగం పోతుంది.