నిజామాబాద్ వన్డే టూర్: దేవల్ మసీదుకు ఇరవై నిమిషాలేనా?

వ్యాన్ శుభ్రంగా ఉంది. డ్రైవర్ చాలా మంచివాడు. భోజనం ఫర్వాలేదు. నా బాధంతా బోధన్ దగ్గరే.

మనిషికి 900 కట్టి, తొమ్మిదో తరగతి చదివే మా పాపను తీసుకుని పోయిన ఆదివారం వెళ్లాను. పొద్దున డిచ్‌పల్లి రామాలయం, తర్వాత బోధన్ దేవల్ మసీదు, సాయంత్రానికి కందకుర్తి సంగమం. డిచ్‌పల్లిలో గంటన్నర ఇచ్చారు. బోధన్‌లో దిగగానే గైడ్ మాత్రం "ఇది ఒకప్పుడు గుడి, తర్వాత మసీదు అయింది. ఇరవై నిమిషాల్లో వచ్చేయండి" అని నీడన కూర్చున్నాడు.

ఇంత కథ ఉన్న చోట ఒక్క ముక్కతో సరిపెడితే ఎట్లా? దేవల్ అంటే గుడే కదా, పేరు దగ్గరే మొదలుపెట్టొచ్చు. 10వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడు కట్టించాడంటారు, ఇంద్రనారాయణాలయం అన్న పేరు అందుకే. స్తంభాల మీద తీర్థంకరుల బొమ్మలున్నాయి కాబట్టి ముందు జైన గుడే అనేవాళ్లూ ఉన్నారు. 14వ శతాబ్దంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో మసీదైంది. ఆయన కాలపు ఫార్సీ శాసనాలు రెండు దొరికాయి. అప్పుడు కూడా కట్టడాన్ని పెద్దగా కదిలించలేదు. దేవుడి గదులు తీసేసి, ఇమాం ఎక్కి ఖుత్బా చదివే మింబర్ కట్టారు, అంతే.

ఇవన్నీ నేనే పాపకు చెప్పుకున్నాను. అది ఒక స్తంభం దగ్గర ఆగిపోయింది. రాతిలో కూర్చున్న చిన్న బొమ్మ, ముఖం అరిగిపోయింది, మడిచిన కాళ్లు మాత్రం తెలుస్తున్నాయి. "అమ్మా, నమాజు చేసేటప్పుడు ఇది ఇక్కడే ఉండేదా?" అని అడిగింది. ఉండేదనే చెప్పాను. బయట గోడ వెంట నడిస్తే ఒక మూల తిరగ్గానే ఇంకో మూల వస్తుంది, నక్షత్రం ఆకారం కదా. సగం చుట్టు తిరిగామో లేదో హారన్ కొట్టారు.

డ్రైవర్‌ది శక్కర్‌నగర్. "అక్కా, నింపాదిగా చూసి రండి, నేను ఆపుతా" అన్నాడు. కానీ తోటివాళ్లు ఎండలో ఎదురుచూస్తుంటే మనసొప్పలేదు.

నిర్వాహకులకు ఫోన్ చేసి, అక్కడ కనీసం గంట ఇవ్వమని, చరిత్ర చదువుకున్న మనిషిని పెట్టమని చెప్పాను. చూస్తామన్నారు. మూడు స్టార్లు ఇస్తున్నా, అందులో ఒకటి డ్రైవర్‌కు. దసరా సెలవుల్లో ఆర్టీసీ బస్సులో మళ్లీ బోధన్ వెళ్తున్నాం. ఆ మూలలన్నీ లెక్కపెట్టి బొమ్మ గీస్తానని పాప ఇప్పటికే గ్రాఫ్ పుస్తకం కొనిపించుకుంది.