లివర్‌పూల్ వన్: అమ్మతో నడిచి చూసి రాస్తున్న రివ్యూ

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నడిబొడ్డున ఉన్న షాపింగ్ సెంటర్ లివర్‌పూల్ వన్‌కి మొదటిసారి వెళ్లేవాళ్లు కారు పార్కింగ్‌లో పెట్టేసి, లిఫ్ట్ ఎక్కి నేరుగా షాపుల మధ్యకి వెళ్లొద్దు. లైమ్ స్ట్రీట్ స్టేషన్ నుంచి నడిచి రండి. మామూలుగా పావుగంట నడక. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మతో నాకు యాభై నిమిషాలు పట్టింది. అయినా ఇదే చెబుతాను. ఆ దారిలో ఉన్నవి చూడకుండా ఈ షాపింగ్ సెంటర్ ఊరికి మంచి చేసిందో లేదో ఎవరూ చెప్పలేరు.

నేను ఈ ఊళ్లో ఏడేళ్లుగా ఉంటున్నాను. హాస్పిటల్లో నైట్ డ్యూటీలు. పొద్దున డ్యూటీ దిగి బస్సు మారేది లివర్‌పూల్ వన్ బస్ స్టేషన్‌లోనే. అందుకని ఈ చోటుని శనివారం సాయంత్రం రద్దీలోనే కాదు, షాపులు తెరవకముందు, తడిసిన రాళ్ల మీద శుభ్రం చేసేవాళ్లు తప్ప ఇంకెవరూ లేని వేళ కూడా చూశాను. గేట్లు, తాళాలు లేవు. షాపులు మూసి ఉన్నా దీని మధ్యలోంచి నడిచి అవతలి వైపు వెళ్లొచ్చు. నాకు ముందు నచ్చింది ఇదే. పైకప్పు వేసి, నాలుగు తలుపులు పెట్టి, రాత్రికి మూసేసే మాల్ అయితే నాలాంటివాళ్లు చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చేది.

అమ్మ మూడు నెలలు ఉండటానికి వచ్చింది. ఓ శనివారం తీసుకెళ్లాను. స్టేషన్ నుంచి బయల్దేరిన కాసేపటికే ఆగింది. "అమ్మాయ్, ఓడ మీద నిలబడ్డాడే, ఆయనెవరు?" అంది. లూయిసెస్ అనే పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ గుమ్మం మీద ఉన్న విగ్రహం అది. యుద్ధంలో బాంబులు పడి కూలిన ఊరు మళ్లీ లేచిందని చెప్పడానికి జేకబ్ ఎప్‌స్టీన్ చేసింది, 1956లో పెట్టారు. ఆ కొట్టు 1856లో మొదలైంది, 2010లో మూతపడింది. అంటే లివర్‌పూల్ వన్ తెరిచిన రెండేళ్లకి. దానివల్లే మూతపడిందని నేను అనను. ఆ కంపెనీకి అంతకు చాలా ముందు నుంచే కష్టాలున్నాయి. కానీ ఊళ్లో కొనేవాళ్ల నడక నది వైపుకి జరిగినప్పుడు స్టేషన్ వైపు చివరన మిగిలిపోయిన కొట్టు అది. అమ్మ ఆ భవనాన్ని కింద నుంచి పై దాకా చూసి, "ఇంత పెద్ద కొట్టు కూడా మూసేశారా" అని నెమ్మదిగా అంది.

అక్కణ్నుంచి చర్చ్ స్ట్రీట్. పాత వ్యాపార వీధి, మనుషులు మాత్రమే నడిచేది. ఇక్కడ కాంప్టన్ హౌస్ అని 1867లో కట్టిన భవనం ఉంది. మార్క్స్ అండ్ స్పెన్సర్ దశాబ్దాల పాటు అందులోనే నడిచింది. 2023లో దాన్ని వదిలేసి లివర్‌పూల్ వన్‌లోకి మారింది. కొత్త కొట్టు బాగుంది, వెడల్పుగా, వెలుతురుగా ఉంది. నేనూ అక్కడే కొంటున్నాను. అయినా పాత భవనం ముందు నుంచి వెళ్తున్నప్పుడు నాకు మనసు బరువెక్కుతుంది. కొత్త చోటికి వచ్చిన ప్రతి పెద్ద కొట్టూ పాత వీధిలో ఒక ఖాళీని వదిలే వచ్చింది. ఆ ఖాళీని కూడా లెక్కలోకి తీసుకోవాలని నా పట్టుదల.

ఇక అసలు చోటు. చర్చ్ స్ట్రీట్ చివరికొచ్చి ఎడమకి తిరిగితే ప్యారడైజ్ స్ట్రీట్. ఎక్కడ పాత ఊరు అయిపోయిందో, ఎక్కడ లివర్‌పూల్ వన్ మొదలైందో అమ్మకి తెలియలేదు. నేను చెప్పాకే, "వచ్చేశామా?" అంది. ఈ సెంటర్‌కి ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు నాకు తెలియదు. 42 ఎకరాల స్థలం. బీడీపీ అనే ఆర్కిటెక్టుల సంస్థ మొత్తానికి ప్లాన్ గీసింది, ఒక్కో భవనాన్ని వేర్వేరు ఆర్కిటెక్టులకి ఇచ్చారు. మొత్తం ఇరవై మందికి పైనే. అందుకే ఒకటి ఇటుక, ఒకటి రాయి, ఒకటి గాజు. ఒక్క భవనమే ఊరి మీద బోర్లించినట్టు ఉండదు. 2009లో బ్రిటన్‌లో మంచి కట్టడాలకి ఇచ్చే స్టిర్లింగ్ ప్రైజ్ తుది జాబితాలోకి వెళ్లింది కూడా విడి భవనం కాదు, ఈ మొత్తం ప్లానే.

పక్కనే ఉన్న సెయింట్ జాన్స్ సెంటర్ చూస్తే తేడా బాగా తెలుస్తుంది. అక్కడ 1822 నాటి మార్కెట్ ఉండేది. 1960ల్లో దాన్ని కూల్చి, అన్ని కొట్లనీ లోపలికి తిప్పి కట్టారు. అప్పట్లో చాలా ఊళ్లలో అలాగే కట్టారు. బయట నడిచేవాడికి ఎక్కువగా గోడలే కనిపిస్తాయి. నలభై ఏళ్ల తర్వాత లివర్‌పూల్ వన్‌లో కొట్ల తలుపులు వీధివైపు పెట్టారు. వీధులు ఇదివరకు ఎటు వెళ్లేవో దాదాపు అటే వెళ్తున్నాయి.

ఈ స్థలానికి ఉన్న చరిత్ర తెలిస్తే ఎందుకు కట్టాల్సి వచ్చిందో అర్థమవుతుంది. 1941 మే నెలలో వరసగా వారం రోజులు బాంబులు పడ్డాయి. ఊరి నడిబొడ్డున ఉన్న ఈ భాగం చాలావరకు నేలమట్టమైంది. ఆ తర్వాత దశాబ్దాల తరబడి ఇక్కడ ఎక్కువగా కారు పార్కింగులు, గడ్డి నేలలే. ఓడల పని తగ్గింది, జనం వెళ్లిపోయారు. 1931లో 8.5 లక్షలు దాటిన జనాభా 2001 నాటికి 4.4 లక్షలకి పడిపోయింది. రేవుకీ బజారుకీ మధ్య పెద్ద ఖాళీ. 2008లో, ఈ ఊరు యూరప్ సాంస్కృతిక రాజధానిగా ఉన్న ఏడాదే, గ్రోవెనర్ సంస్థ ఆ ఖాళీని పూడ్చింది. ఇవాళ చర్చ్ స్ట్రీట్ నుంచి నది ఒడ్డున ఉన్న పాత ఓడరేవు ఆల్బర్ట్ డాక్ దాకా షాపుల మధ్యగానే నడిచి వెళ్లిపోవచ్చు. నదికి ఊరు మళ్లీ దగ్గరైంది. ఎవరెన్ని లోపాలు చెప్పినా ఈ మేలు కాదనలేనిది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఏ కొట్టూ కాదు, థామస్ స్టీర్స్ వేలో నేలలో బిగించిన అద్దం. కిందకి వంగి చూస్తే పాత ఇటుక గోడ కనిపిస్తుంది. 1715లో తెరిచిన ఓల్డ్ డాక్ అది. నీళ్లు ఆటుపోట్లతో పెరిగి తగ్గకుండా గేటు పెట్టి, ఓడలని లోపలే నిలిపి సరుకు దించుకునేలా కట్టిన మొట్టమొదటి వాణిజ్య డాక్. కట్టించిన ఇంజనీర్ పేరే ఈ దారికి పెట్టారు. 1826లో మూసి పూడ్చేశారు. 2001లో తవ్వకాల్లో మళ్లీ బయటపడింది. కొత్త భవనాలని దాని మీద కట్టినా డాక్ గోడలని పాడు చేయకుండా కాపాడారు. మ్యూజియం వాళ్లు కిందకి తీసుకెళ్లి చూపిస్తారు, ముందే బుక్ చేసుకోవాలి. ఆఫ్రికా మనుషులని బానిసలుగా అమ్మిన వ్యాపారపు డబ్బు కూడా ఈ డాక్ మీదుగానే ఈ ఊరికి వచ్చింది. బట్టల సంచులు చేతుల్లో పెట్టుకుని ఆ అద్దం మీదుగా నడిచిపోయే పిల్లలని ఒక్క నిమిషం ఆపి చూపించాలనిపిస్తుంది నాకు.

సౌత్ జాన్ స్ట్రీట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పైకప్పు లేని వీధే, కానీ అంతస్తులుగా ఉంటుంది. తెరిచినప్పుడు ఒక చివర జాన్ లూయిస్, ఇంకో చివర డెబెన్‌హామ్స్. రెండు పెద్ద కొట్లని రెండు చివర్లా పెడితే జనం ఒకదాన్నుంచి ఒకదానికి నడుస్తారు, మధ్యలో చిన్న కొట్లు బతుకుతాయి. షాపింగ్ సెంటర్లు చాలావరకు ఈ సూత్రం మీదే నడుస్తాయి. 2021లో డెబెన్‌హామ్స్ దేశమంతటా మూతపడింది. అప్పుడు ఇక్కడ ఆ చివర చీకటిగా ఉండేది. డ్యూటీ దిగి వస్తూ రోజూ చూసేదాన్ని, అటువైపు నడకే తగ్గిపోయింది. అందుకే మార్క్స్ అండ్ స్పెన్సర్‌ని తెచ్చి ఆ భవనంలో కొంత భాగం ఇవ్వడం ఈ సెంటర్‌కి ప్రాణం పోసినట్టయింది. మళ్లీ అదే మాట: ఇక్కడ పూడిన ఖాళీ చర్చ్ స్ట్రీట్‌లో తేలింది.

అమ్మలాంటివాళ్లతో వెళ్లేవాళ్లకి పనికొచ్చే సంగతులు. లిఫ్టులున్నాయి, పని చేస్తున్నాయి, నేల సాఫీగా ఉంది. వీల్‌చైర్‌తో కూడా ఇబ్బంది ఉండదు. మెర్సీ నది మీంచి వచ్చే గాలి మాత్రం షుగర్ హౌస్ స్టెప్స్ దగ్గర గట్టిగా కొడుతుంది, స్వెటర్ చాలదు, కోటు ఉండాలి. వాన పడితే తడుస్తారు. పైన చవాస్ పార్క్ ఐదెకరాలు, దాని కింద కారు పార్కింగ్ ఉందని చెబితే అమ్మ నమ్మలేదు. గడ్డి మీద పిల్లలు దొర్లుతున్నారు. "ఏమే, ఇది బజారా పార్కా?" అంది. రెండూ అని చెప్పాను. ఏమీ కొనకుండా గంటసేపు కూర్చున్నాం. ఎవరూ లేవమనలేదు.

తిండి దగ్గరే మాకు బాగా ఇబ్బందైంది. పై టెర్రస్ మీద వరసగా రెస్టారెంట్లు, పక్కనే సినిమా హాలు. నేను ఒకచోట టేబుల్ బుక్ చేశాను, పేరు రాయను. అమ్మకి మోకాళ్ల నొప్పులని ఫోన్లోనే చెప్పాను. వెళ్లేసరికి మిగిలినవి ఎత్తు స్టూళ్లే. అమ్మ ఎక్కలేకపోయింది. మామూలు కుర్చీకి నలభై నిమిషాలు ఆగాలన్నారు. చుట్టూ నవ్వుకుంటూ తింటున్నవాళ్ల మధ్య అమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కొత్తగా కట్టే ఇలాంటి చోట్ల అందరూ ఇరవై ఐదేళ్లవాళ్లే వస్తారన్నట్టు కుర్చీలు వేస్తున్నారు. ఇది చిన్న విషయం కాదు. ఊరి మధ్యలో ఎవరు కూర్చోగలరో, ఎవరు కూర్చోలేరో ఆ కుర్చీయే చెప్పేస్తుంది.

చివరికి నెమ్మదిగా వెనక్కి నడిచి బోల్డ్ స్ట్రీట్‌కి వెళ్లాం. పెద్ద కంపెనీలవి కాకుండా సొంత కొట్లు, రకరకాల దేశాల హోటళ్లు ఎక్కువగా ఉండే వీధి. అక్కడ ఓ చిన్న హోటల్ అతను అమ్మ నడక చూసి, అడగకముందే చేతులున్న కుర్చీ లోపల్నుంచి తెచ్చి వేశాడు. లివర్‌పూల్ వన్ వస్తే బోల్డ్ స్ట్రీట్ చచ్చిపోతుందని అప్పట్లో భయపడ్డారని ఇక్కడ పుట్టి పెరిగిన మా సీనియర్ నర్సు చెప్పింది. చావలేదు. పెద్ద బ్రాండ్లు అటు వెళ్లాక ఇటు మిగిలిన కొట్లు ఇంకొకచోట దొరకనివి పెట్టుకుని నిలబడ్డాయని ఆమె నమ్మకం. నాకూ అలాగే కనిపిస్తోంది.

అందరూ అలా నిలబడలేదు. స్కూల్ లేన్‌లో క్విగిన్స్ అని ఒక భవనం ఉండేదట. పాత బట్టలు, సంగీతం, వింత వస్తువులు అమ్మే చిన్నచిన్న కొట్లన్నీ ఒకే చోట. కుర్రకారు శనివారాలు అక్కడే గడిపేవాళ్లట. ఈ సెంటర్ కోసం ఆ స్థలాన్ని చట్టప్రకారం బలవంతంగా తీసుకున్నారు, జనం కాపాడమని ఉద్యమం చేసినా 2006లో అది మూతపడింది. కొంతమంది వ్యాపారులు రెన్‌షా స్ట్రీట్‌కి మారారు. మా సీనియర్ ఇప్పటికీ ఆ మాటొస్తే గొంతు మారుస్తుంది. అదే స్కూల్ లేన్‌లో, మూడొందల ఏళ్ల కిందటి బ్లూకోట్ భవనం మాత్రం చక్కగా ఉంది. కొత్త షాపుల పక్క సందులోంచి దాని వెనక తోటలోకి వెళ్లొచ్చు. ఊరి మధ్యలో ఇంత నిశ్శబ్దం ఇంకెక్కడా దొరకదు.

వీధుల విషయం ఒకటి చెప్పాలి. ఇవి చూడటానికి వీధులే, కానీ కార్పొరేషన్ ఈ స్థలాన్ని 250 ఏళ్లకి లీజుకిచ్చింది. కాపలా కాసేది కంపెనీ సిబ్బంది. వాళ్లు మాతో మర్యాదగానే ఉన్నారు, అమ్మకి దారి కూడా చూపించారు. అయినా నడిచేవాళ్లకి ఇక్కడ ఉన్నది పూర్తి హక్కు కాదు, యజమాని ఇచ్చే అనుమతి. ఆ యజమాని మారొచ్చు కూడా. 2024 డిసెంబరులో ల్యాండ్‌సెక్ అనే కంపెనీ 92 శాతం వాటాని 49 కోట్ల పౌండ్లకి కొంది. కట్టడానికి దాదాపు 100 కోట్ల పౌండ్లు అయిన చోటు ఇది. జనం నిండుగా తిరుగుతున్నా షాపింగ్ స్థలాల విలువ ఈ పదహారేళ్లలో ఎంత తగ్గిందో దాన్నిబట్టే తెలుస్తుంది. కొత్త యజమాని ఆ గడ్డి నేలనీ, మూత లేని దారులనీ ఇలాగే ఉంచాలని గట్టిగా కోరుకుంటున్నాను.

నా మార్కులు ఐదుకి నాలుగు. తగ్గించిన ఒక్కటీ ఎత్తు స్టూళ్లకీ క్విగిన్స్‌కీ. వచ్చే నెల అమ్మ వెళ్లేలోపు ఓల్డ్ డాక్ చూపించడానికి బుక్ చేస్తున్నాను. ఆ రోజు భోజనం బోల్డ్ స్ట్రీట్‌లోనే అని అమ్మ ఇప్పుడే చెప్పేసింది.