పాత వీఎస్-640ఐ ప్రింటర్, పాత జీఎక్స్-24 కట్టర్: చిన్న సైన్ షాపుకి ఏది పనికొస్తుంది, ఏది ముంచుతుంది

పాత సైన్ సామాన్లలో కట్టర్‌ని (వినైల్ స్టిక్కర్ షీటుని అక్షరాలుగా, బొమ్మలుగా కత్తిరించే మెషీన్) ధైర్యంగానే కొనొచ్చు. ప్రింటర్‌కి మాత్రం నాజిల్ చెక్ కాగితం, అంటే ఇంకు చిమ్మే ఒక్కో రంధ్రం ఒక్కో చిన్న గీత వేసి చూపే పరీక్ష ప్రింట్, చేతికి రానిదే బేరం మొదలెట్టకూడదు. కట్టర్‌లో ఉండేవి రెండు మోటార్లు, కొన్ని రోలర్లు, ఒక బ్లేడ్. ఆరు నెలలు మూలన పడి ఉన్నా దుమ్ము తుడిచి స్విచ్ వేస్తే తిరుగుతుంది. ఎకో సాల్వెంట్ ప్రింటర్ (సాల్వెంట్ అనే ద్రావకంలో కలిపిన ఇంకు వాడేది) అలా కాదు. దాని హెడ్‌లో, అంటే ఇంకు చిమ్మే భాగంలో, వెంట్రుక కన్నా సన్నని రంధ్రాలు (నాజిళ్లు) వందల్లో ఉంటాయి, వాటి కొసన ఇంకు ఎప్పుడూ తడిగానే ఉండాలి. ఆరి గట్టిపడిందంటే ఆ హెడ్ మీద చాలావరకు ఆశ వదులుకోవాల్సిందే. అందుకే "ఎన్నేళ్ల మెషీన్?" అని కాదు, "చివరిసారి ఎప్పుడు ప్రింట్ కొట్టారు?" అని అడగాలి. పదేళ్లుగా రోజూ నడుస్తున్న మెషీనూ, నాలుగేళ్లదే అయినా ఎనిమిది నెలలుగా ప్లగ్ పీకి ఉన్న మెషీనూ ఎదురుగా ఉంటే మొదటిదే తీసుకోండి.

పోల్చి చూడదగ్గవి మూడు: రోలాండ్ ఎస్పీ-540వీ, రోలాండ్ వీఎస్-640ఐ, మిమాకి జేవీ33-160. రోలాండ్‌వి రెండూ ప్రింటూ కొడతాయి, కటింగూ చేస్తాయి. మిమాకిది ఉత్త ప్రింటర్.

ఎస్పీ-540వీ 54 అంగుళాలది, నాలుగు రంగులది. లోపల ఎప్సన్ డీఎక్స్4 హెడ్లు. ఒక్కో హెడ్‌కి రెండు వరసలు, వరసకి 180 నాజిళ్లు, అంటే ఒక హెడ్ రెండు రంగులు చూసుకుంటుంది. నెమ్మది మెషీనే, కానీ ఒక రంగు పోతే ఆ ఒక్క హెడ్ మారిస్తే చాలు. 2014లో వచ్చిన వీఎస్-640ఐ 64 అంగుళాలది. అందులో డీఎక్స్7 హెడ్ ఒక్కటే: ఎనిమిది వరసలు, మొత్తం 1440 నాజిళ్లు. ప్రింట్ నాణ్యతలో ఎస్పీ దీని దరిదాపుల్లోకి రాదు. చిక్కేమిటంటే, ఎనిమిదిలో ఒక్క వరస కాలిపోయినా మొత్తం హెడ్ మార్చాల్సిందే. జేవీ33లో డీఎక్స్5, దానికీ ఇదే గతి. కాబట్టి ఈ రెండింట్లో దేన్నయినా అడిగే ముందు కొత్త హెడ్ ధరా, దాన్ని బిగించే మనిషి కూలీ కనుక్కోండి. అమ్మేవాళ్లు చెప్పిన ధరలోంచి ఆ మొత్తం తీసేస్తే మిగిలేదే మెషీన్ అసలు విలువ. ఆ లెక్కకి ఒప్పుకోకపోతే హెడ్ నూటికి నూరు పాళ్లు బాగుందని వాళ్లే ప్రింట్ కొట్టి చూపించాలి.

చూపించడమంటే ఒక్క నాజిల్ చెక్ తీసి చేతిలో పెట్టడం కాదు. మీరు వెళ్లేలోపు నాలుగుసార్లు క్లీనింగ్ కొట్టి మొహం కడిగి కూర్చోబెట్టిన హెడ్ అయినా ఒక చెక్ వరకు బాగానే ఇస్తుంది. మెషీన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి, క్లీనింగ్ చేయకుండా మొదటి చెక్ తీయమనండి. తర్వాత మీ పెన్‌డ్రైవ్‌లోంచి ఒక ఫైల్ ఇవ్వండి. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఒక్కోటీ వంద శాతం నిండుగా ఉన్న నాలుగు పట్టీలు, ఒక్కోటి మెషీన్ పూర్తి వెడల్పు, అర మీటరు పొడవు. వాటి తర్వాత 30 శాతం బూడిద రంగు పట్టీ ఒకటి, నాలుగు రంగులూ కలిపి తయారుచేసింది. అది ముగియగానే రెండో చెక్. మెషీన్‌ని గంటసేపు ముట్టుకోకుండా వదిలేసి మూడో చెక్. మూడు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచి చూడండి.

మూడింట్లోనూ ఒకే చోట ఒకే గీత లేకపోతే ఆ నాజిల్ పూడిపోయింది, లేదా కాలిపోయింది. నాలుగైదుకి మించకుండా, దూరం దూరంగా ఉంటే బేరం తగ్గించి బతికేయొచ్చు. ఖాళీలు ఒక్కో కాగితంలో ఒక్కో చోట కనబడితే లైన్లోకి గాలి దూరుతోందని అర్థం. అది డ్యాంపర్ (హెడ్‌కి ఇంకు అందించే చిన్న వడపోత డబ్బా) తప్పో క్యాప్ (ఆగి ఉన్నప్పుడు హెడ్‌ని మూసి ఉంచే మూత) తప్పో, హెడ్‌ది కాదు. మొదటి చెక్ బాగుండి, నిండు పట్టీల తర్వాతి చెక్‌లో ఒక రంగు సగం మాయమైతే ఇంకు అందట్లేదు. డ్యాంపర్లు చవకైన సామానే, మారిస్తే తేరుకుంటుంది. గంట తర్వాత తీసిన చెక్‌లో మాత్రమే రంగు పోయి ఉంటే క్యాప్ సరిగా మూయట్లేదు, ఇంకు వెనక్కి జారిపోతోంది. గీతలన్నీ ఉండి కొన్ని వంకరగా పడుతుంటే నాజిల్ అంచున ఇంకు పేరుకుంది, లేకపోతే ఎప్పుడో మీడియా (ప్రింట్ వేసే షీటు) లేచి హెడ్‌ని గీరింది. గీరుకుపోయిన హెడ్‌కి మందు లేదు. ఒక రంగు మొత్తంగా, ఒక్క చుక్క కూడా లేకుండా పోతే క్లీనింగ్ మీద క్లీనింగ్ కొట్టి ఇంకు తగలేయకండి, అది తరచుగా ఫ్లాట్ కేబుల్‌దో బోర్డుదో గొడవ.

ఈ ఫ్లాట్ కేబుల్ సంగతి ప్రత్యేకంగా చూడాలి. క్యారేజ్ (హెడ్‌ని మోస్తూ అటూ ఇటూ తిరిగే భాగం) మూత తీయించి టార్చి వేయండి. హెడ్‌కి వెళ్లే పల్చటి తెల్ల పట్టీ మీద ఇంకు మరక ఉందేమో, కొస దగ్గర పిన్నులు నల్లబడ్డాయేమో గమనించండి. డ్యాంపర్ దగ్గర కారిన ఇంకు ఆ పట్టీ వెంట జారి కనెక్టర్‌లోకి దిగితే షార్ట్ అయ్యి హెడ్‌నీ బోర్డునీ కలిపి తీసుకుపోతుంది. అక్కడ ఎండిన ఇంకు చార కనబడితే, ఆ రోజు ప్రింట్ ఎంత అద్భుతంగా వచ్చినా వదిలేయడమే మేలు.

క్యాప్ పరీక్ష సులువు. క్యారేజ్‌ని పక్కకి జరిపి, క్యాపుల నిండా క్లీనింగ్ లిక్విడ్ పోయండి. రెండు మూడు నిమిషాలు మట్టం అలాగే నిలవాలి. పంపు ఆడించగానే గుటుక్కున కిందికి పోవాలి. నిలవకపోతే క్యాపో ట్యూబో కారుతోంది, పోకపోతే పంపు బలహీనపడింది. క్యాప్, వైపర్ (హెడ్‌ని తుడిచే రబ్బరు), డ్యాంపర్లు ఎలాగూ కొన్న వారంలోనే మార్చాలి. వాటి ఖర్చు ముందే లెక్కలో వేసుకుంటే ఏడవాల్సిన పని ఉండదు. డ్యాంపర్లు మాత్రం విడివిడిగా కాదు, అన్నీ ఒకేసారి.

వీఎస్‌లో ఇంకో మెలిక ఉంది. కొన్ని మెషీన్లలో తెలుపు, మెటాలిక్ ఇంకులు వేసి వాడారు. ఆ రెండింటి రంగుపొడి బరువు, రోజూ కదలకపోతే పైపుల్లో అడుగుకి చేరి గట్టిపడుతుంది. సైన్ బోర్డులకీ స్టిక్కర్లకీ మామూలు నాలుగు రంగులే చాలు కాబట్టి తెలుపు వాడని మెషీన్ దొరికితే అదే మంచిది. వేరే కంపెనీ ఇంకు వాడారా అని కూడా అడగండి. వాడటం నేరం కాదు గానీ, లైను కడక్కుండా ఒకదాని మీద ఇంకోటి పోస్తే ఆ రెండూ పడక లోపల జిగురులా మారే ప్రమాదం ఉంది.

ఫైల్‌ని ప్రింటర్‌కి పంపే సాఫ్ట్‌వేర్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. రోలాండ్‌కి వర్సావర్క్స్ కంపెనీయే ఇస్తుంది, పెద్ద పేచీ లేదు. మిమాకి రాస్టర్‌లింక్‌కి సీరియల్ కీ ఉంటుంది, అది ఒక కంప్యూటర్‌కి ముడిపడి ఉంటుంది. పాత కంప్యూటర్‌లో లైసెన్స్ విడిపించకుండా మెషీన్ తెచ్చుకుంటే మీ కంప్యూటర్‌లో అది తెరుచుకోదు. డబ్బు చేతులు మారకముందే అక్కడే విడిపించమనండి.

ఇక కట్టర్. రోలాండ్ జీఎక్స్-24 కత్తిరించే వెడల్పు 584 మిల్లీమీటర్లు, బ్లేడ్ ఒత్తిడి 30 నుంచి 250 గ్రాముల దాకా, క్రాప్ మార్కులు (ఎక్కడ కత్తిరించాలో తెలిపేలా ప్రింట్ మీద వేసే గుర్తులు) చదివే సెన్సార్ ఉంది. షాపు పనిలో సింహభాగం దీంతో అయిపోతుంది. పాతదైనా పర్లేదనడానికి కారణం, ఇందులో అరిగేవన్నీ చేత్తో మార్చుకోగలిగినవే.

చూడాల్సినవి కొన్నే. బ్లేడ్ బదులు పెన్ను పెట్టి మీటరు పొడవు చతురస్రాన్ని అదే షీటు మీద రెండుసార్లు గీయించండి. రెండో గీత మొదటి దాని మీదే పడాలి. జంట గీతలొస్తే షీటుని పైనుంచి నొక్కిపట్టే పించ్ రోలర్ల రబ్బరు అరిగి నున్నగా అయింది, లేదా షీటుని కిందనుంచి లాగే గరుకు గ్రిట్ రోలర్ పళ్లలో జిగురూ వినైల్ పీలికలూ ఇరుక్కున్నాయి. రెండోది బ్రష్‌తో తీరే జబ్బు. తర్వాత బ్లేడ్ కిందుండే తెల్ల పట్టీ మీద గోరు పెట్టి లాగండి. గాడి గోటికి తగిలితే మార్చాలి. లేకపోతే బ్లేడ్ అక్కడ కిందికి దిగి, ఆ భాగంలో వినైల్ తెగకుండానే మిగిలిపోతుంది. బ్లేడ్ హోల్డర్ లోపలి బేరింగ్ స్వేచ్ఛగా తిరగాలి. చిన్న వినైల్ తునక ఇరుక్కున్నా అక్షరాల మూలలు కలవవు, "ఓ" మొదలైన చోటుకి వచ్చి చేరదు.

టెస్ట్ కట్‌లో ఒక వృత్తం, దాంతోపాటు ఒక చతురస్రం వస్తాయి. ఒకదాన్ని పీకినప్పుడు రెండోది దాంతో లేచి రాకూడదు. రెండోది కూడా పీకాక అడుగు కాగితం మీద బ్లేడ్ ఆనవాలు సన్నగా కనపడాలి, కాగితం తెగకూడదు. మూలలు గుండ్రంగా వస్తే ఆఫ్‌సెట్ (బ్లేడ్ మొన దాని మధ్య నుంచి ఎంత పక్కకి ఉందో చెప్పే సెట్టింగ్) తక్కువైంది, మూలల దగ్గర చిన్న చెవుల్లా పొడుచుకొస్తే ఎక్కువైంది. మామూలు 45 డిగ్రీల బ్లేడ్‌కి 0.25 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. కొత్త బ్లేడ్ వేశాక కూడా ఒత్తిడి పెంచుకుంటూ పోవాల్సి వస్తే తప్పు బ్లేడ్‌ది కాదు, పట్టీది.

ప్రింట్ కొట్టి అదే మెషీన్‌లో కట్ చేసేస్తే పోలేదా అనిపిస్తుంది. చోటు లేని షాపుకి వీఎస్-640ఐ ఒక్కటే సరిపోతుంది, నిజమే. కానీ కట్ చేస్తున్నంత సేపూ అది ప్రింట్ కొట్టలేదు. పైగా ఇంకులోని సాల్వెంట్ ఆరకముందే కట్ చేస్తే మెత్తబడిన వినైల్ అంచులు పైకి చుట్టుకుంటాయి. బయట పెట్టే స్టిక్కర్‌కి లామినేషన్ (పైన అంటించే పారదర్శక పొర) తప్పదు, దానికి ముందు ప్రింట్‌ని కనీసం 24 గంటలు ఆరబెట్టాలి. అంటే ఎలాగూ రోల్ దించాల్సిందే, క్రాప్ మార్కులతో మళ్లీ ఎక్కించాల్సిందే. అలాంటప్పుడు ఆ కట్టేదో పక్కనున్న జీఎక్స్-24లో చేసుకుంటే ప్రింటర్ ఖాళీగా ఉంటుంది. ఫైల్‌ని 580 మిల్లీమీటర్లకి మించని పట్టీలుగా అమర్చుకోవడం అలవాటు చేసుకుంటే చాలు. గ్లాసీ లామినేషన్ మెరుపుకి సెన్సార్ తికమకపడి మార్కు చదవకపోతే, మార్కు మీద చిన్న మ్యాట్ టేపు ముక్క అంటించండి.

ఇవన్నీ చూశాక ఎంపిక: హెడ్ బాగున్న వీఎస్-640ఐ, పక్కన జీఎక్స్-24. డబ్బు బిగుతుగా ఉంటే ఎస్పీ-540వీ. జేవీ33 మాత్రం దాన్ని బాగుచేసే మనిషి అందుబాటులో ఉన్నవాళ్లకే.

తరలించడానికి పైపుల్లో ఇంకు ఖాళీ చేసి, క్లీనింగ్ లిక్విడ్ నింపి, వేస్ట్ బాటిల్ ఒంపేసి, క్యారేజ్‌కి బ్రాకెట్ బిగించాలి. దాదాపు రెండున్నర మీటర్ల మెషీన్ ఇది, తలుపు కొలిచి వెళ్లండి. ఏ వైపుకీ వంచి మోయకూడదు. దించిన రోజే ఇంకు ఎక్కించి, వెనకున్న మెయిన్ స్విచ్ వేసే ఉంచండి. ముందున్న బటన్‌తో ఆపినా, మెయిన్ ఆన్‌లో ఉన్నంత కాలం మెషీన్ తనంతట తానే లేచి హెడ్‌ని శుభ్రం చేసుకుంటుంది. ఖాళీ పైపులు మళ్లీ నిండటానికి చాలా ఇంకు తాగుతాయి, అందులో కొంత నేరుగా వేస్ట్ బాటిల్‌లోకే పోతుంది. ఆ ఇంకు ఎవరు పెట్టుకోవాలో బేరంలోనే తేల్చుకోండి.