పొలిటిఫ్యాక్ట్ రివ్యూ: మీటర్ చూసి ఆగిపోకండి

డిబేట్‌లో ఇద్దరూ అంకెలు గడగడా చెప్పేస్తుంటే ఏది నిజమో తేల్చుకోడానికి నేను ఎక్కువగా చూసేది అమెరికా వాళ్ల పొలిటిఫ్యాక్ట్, నాయకుల మాటల్లో నిజమెంతో చెక్ చేసి రేటింగ్ ఇచ్చే వెబ్‌సైట్. 2007లో మొదలైంది, 2008 ఎన్నికల కవరేజీకి జర్నలిజంలో పెద్ద అవార్డు పులిట్జర్ కూడా వచ్చింది, ఇప్పుడు జర్నలిజం సంస్థ పాయింటర్ ఇన్‌స్టిట్యూట్ కింద నడుస్తోంది, చదవడానికి డబ్బులు కట్టక్కర్లేదు.

బాగా నచ్చింది సోర్సులు. ఏ రిపోర్ట్ చూశారో ఎవరితో మాట్లాడారో ప్రతి ఆర్టికల్‌కీ లిస్ట్ ఇస్తారు, డౌట్ ఉంటే మనమే వెళ్లి చూసుకోవచ్చు. ఆధారం చూపించాల్సిన బాధ్యత మాట అన్నవాళ్లదే అని వాళ్ల రూల్, నా లెక్కలో ఇదే సరైన పద్ధతి. రేటింగ్ కూడా రాసిన రిపోర్టర్ ఒక్కరే ఇవ్వరు, ముగ్గురు ఎడిటర్లు ఓటేసి తేలుస్తారు.

పేచీ అంతా ఆ మీటర్‌తోనే, అంటే రేటింగ్ చూపించే బొమ్మతో. నిజం నుంచి పచ్చి అబద్ధం దాకా ఆరు రేటింగులు, జనం స్క్రీన్‌షాట్ తీసి షేర్ చేసేది అదొక్కటే. హెల్త్ ఇన్సూరెన్స్ మార్పుల గురించి ఒబామా చెప్పిన "మీ హెల్త్ ప్లాన్ మీకు నచ్చితే అదే ఉంచుకోవచ్చు" అన్న మాట తీసుకోండి, 2008లో దానికి 'నిజం' ఇచ్చారు, 2009లో 'సగం నిజం' అన్నారు, 2013లో ప్లాన్లు క్యాన్సిల్ అయ్యాయని జనానికి లెటర్లు వచ్చాక అదే మాట వాళ్లు ఏటా ఎంచే 'ఈ ఏటి అబద్ధం' అయింది. ఇది చూపించి వీళ్లని నమ్మలేం అని కొట్టిపారేసేవాళ్లున్నారు కానీ నేనొప్పుకోను, 2008లో చూసింది క్యాండిడేట్ ప్రపోజల్‌లో ఏముందని, 2013లో చూసింది చట్టం వచ్చాక నిజంగా ఏం జరిగిందని, రెండూ వేరే ప్రశ్నలు. అసలు జరగబోయేదాని మీద ఇచ్చిన హామీకి 'నిజం' అని ముద్ర వేయడమే నాకు నచ్చలేదు. అందుకే రేటింగ్ కన్నా ముందు డేట్ చూడండి, తర్వాత కింద రాసిందంతా చదవండి.

ఇంకోటి, ఫలానా నాయకుడికి ఇన్ని అబద్ధాలు అని స్కోర్‌కార్డ్ పట్టుకుని వాదించొద్దు ప్లీజ్. ఏ మాట చెక్ చేయాలో ఎంచుకునేది వాళ్లే, అనుమానం వచ్చినవే ఎంచుకుంటారు, మనిషి మాట్లాడిన మొత్తానికి అది లెక్క కాదు.

మీటర్ గోల వద్దనుకుంటే ఫ్యాక్ట్‌చెక్ డాట్ ఆర్గ్ ఉంది, పెన్సిల్వేనియా యూనివర్సిటీ అన్నెన్‌బర్గ్ సెంటర్ వాళ్లది, 2003 నుంచీ ఉంది. రేటింగ్ ఇవ్వరు, వివరంగా రాస్తారు, ఓపిక కావాలి. ఉద్యోగాలు ఇన్ని పెరిగాయి అన్న టైపు మాటలకి నేను అక్కడికే పోతాను, ఎందుకంటే ఏ నెల నుంచి లెక్కపెట్టారన్నదాన్ని బట్టే అంకె మారిపోతుంది, ఆ సంగతి మీటర్‌లో కనపడదు.