రోమ్: టోటల్ వార్‌లో నగరం కాపలాకి ఎవరిని పెట్టాలి? చాలా ఏళ్లు ఆడాక నా అనుభవం

కార్తేజ్ నగరాన్ని గెలిచిన రోజు రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. రోమ్: టోటల్ వార్ అంటే పాత రోమన్ కాలం యుద్ధాల కంప్యూటర్ ఆట, అందులో స్కిపియో అనే రోమన్ కుటుంబం తరఫున ఆడుతున్నా. సిసిలీ నుంచి రెండుసార్లు ఓడల్లో వెళ్లి, రెండుసార్లూ దెబ్బతిని, మూడోసారి గోడ దాటాను. అదే ఊపులో పెద్ద సైన్యాన్నంతా థాప్సస్ వైపు నడిపించి, పన్నెండు వేలు దాటిన జనమున్న ఆ నగరంలో రెండు హస్టాటి (రోమన్ కాలిబంట్లు) దళాలు మాత్రం వదిలాను. మంచి సైనికులు కదా, చాలనుకున్నా. మర్నాడు మళ్లీ కూర్చుని రెండు టర్నులు (వంతులు) ఆడేసరికి నగరం పేరు పక్కన జనం మూడ్ చూపించే ముఖం బొమ్మ నీలం రంగుకి, ఆ తర్వాత ఎరుపుకి మారింది. ఇంకొక్క టర్ను గడిచాక చూస్తే నా రెండు దళాలూ గోడ బయట నిలబడి ఉన్నాయి, లోపల తిరుగుబాటు సైన్యం ఉంది.

ఈ ఆట వచ్చింది 2004లో. నేను మొదటిసారి చూసింది హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో, ఇంటర్ చదివే రోజుల్లో. అప్పట్లో యుద్ధాలు తప్ప ఇంకేమీ పట్టించుకునేవాణ్ని కాదు. 2021లో రీమాస్టర్డ్ (మెరుగుపరిచిన కొత్త రూపం) వచ్చాక సొంత కంప్యూటర్‌లో మళ్లీ మొదలుపెట్టి, ఇప్పటిదాకా వదల్లేదు. గ్రాఫిక్స్ గురించి, మ్యాప్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పదలుచుకున్నది కాపలా గురించే. ఎందుకంటే ఈ ఆటలో సామ్రాజ్యాలు మైదానంలో ఓడిపోవడం కంటే వెనక ఉన్న నగరాలు చెయ్యిజారి కూలడమే నేను ఎక్కువ చూశాను.

అసలు కిటుకు ఒక్కటే. నగరంలో శాంతి (పబ్లిక్ ఆర్డర్, ఆట దీన్ని శాతంలో చూపిస్తుంది) ఎంతుందో లెక్కేసేటప్పుడు ఆట మీ సైనికుడి కత్తి చూడదు, కవచం చూడదు, అనుభవం చూడదు. తలలు లెక్కపెడుతుంది, అంతే. జనాభాతో పోలిస్తే లోపల ఎంతమంది సైనికులున్నారన్నదే లెక్క. దానివల్ల వచ్చే లాభం 80 శాతం దగ్గర ఆగిపోతుంది. ఆపైన ఎంతమందిని కుక్కినా డబ్బు దండగే.

ఇప్పుడు ఖర్చు చూడండి. దళాల సైజు 'హ్యూజ్'లో పెట్టుకుంటే పెజెంట్స్ (మామూలు రైతులు) దళంలో 240 మంది ఉంటారు, టర్నుకి ఖర్చు 100 డెనారీలు (ఆటలో డబ్బు). హస్టాటి దళంలో 160 మందే, ఖర్చు 170. అంటే శాంతి కోసమే అయితే ఒక్కో తలకి హస్టాటి మీద రెండున్నర రెట్లు ఎక్కువ పోస్తున్నాం. టౌన్ వాచ్ (నగర కాపలా దళం) కూడా 100 డెనారీలే కానీ మనుషులు తక్కువ. గుర్రపు దళాలైతే ఇంకా నష్టం, తలలు తక్కువ, జీతం ఎక్కువ. కార్తేజ్‌లో నేను చేసిన తప్పు అదీ. 320 మంది బదులు అంతే డబ్బుతో మూడు పెజెంట్స్ దళాలు, 720 మందిని పెట్టగలిగేవాణ్ని.

కరీంనగర్ నుంచి మా బాబాయి కొడుకు సెలవులకి వచ్చినప్పుడు నా స్క్రీన్ చూసి అడిగాడు. "అన్నా, నగరం నిండా వీళ్లేనా? ఒక్క గుర్రం ఉరికొస్తే పారిపోతరు కదనే."

"కొట్లాటకి కాదురా. వీళ్లను చూసి ఊరు ఊకుంటది."

వాడు నమ్మలేదు. పన్ను 'హై'లో ఉన్నప్పుడు దళం బయటికి తీసి శాంతి ఎంత పడిపోతుందో, లోపలికి పెట్టి ఎంత పెరుగుతుందో రెండుసార్లు చూపించాక ఒప్పుకున్నాడు. మీరూ అలాగే చూడండి. సెటిల్‌మెంట్ వివరాల పేజీలో కాపలా వల్ల ఎంత వస్తోందో, గవర్నర్ పలుకుబడి వల్ల ఎంత వస్తోందో, మురికి వల్ల, రాజధానికి దూరం వల్ల ఎంత పోతోందో విడివిడిగా కనిపిస్తుంది. చాలామంది ఆ పేజీ తెరవరు.

పెజెంట్స్‌తో ఇంకో మేలుంది. దళం తీసుకుంటే ఆ మనుషులు ఆ ఊరి జనాభాలోంచే తగ్గుతారు. వాళ్లను ఇంకో నగరానికి నడిపించి అక్కడ దళం రద్దు చేస్తే ఆ జనాభాలో కలుస్తారు. కిక్కిరిసి, మురికి పెరిగిపోయిన పెద్ద నగరం నుంచి ఇలా ఒక్కో దళంగా తీసి, రెండు వేలు దాటక తంటాలు పడుతున్న చిన్న పట్టణాలకి పంపిస్తాను. ఇక్కడ బరువు దిగుతుంది, అక్కడ ఊరు పెరుగుతుంది. కానీ వెయ్యి మంది ఉన్న పల్లెలో మాత్రం పెజెంట్స్‌ని తీయకండి. 240 మంది ఒక్కసారిగా పోతే ఆ పల్లె చాలా టర్నులు కోలుకోదు.

ఇదంతా లోపలి నగరాల సంగతి. సరిహద్దు నగరం లెక్క పూర్తిగా వేరు.

మాకు ఖిలా వరంగల్ దగ్గరే. ఆదివారం పొద్దున అటు నడిచినప్పుడల్లా ముందు మట్టి కోట, ఆ తర్వాత రాతి కోట దాటుతాం. గణపతిదేవుడి కాలంలో మొదలైన ఆ రాతి గోడను రుద్రమదేవి ఇంకా ఎత్తు పెంచింది. ఒక్కో బురుజుని ఒక్కో నాయకుడికి అప్పగించేవారని పెద్దలు చెప్తారు. అంత కోట ఉన్నా 1310లో మాలిక్ కాఫర్ సైన్యం మట్టి గోడ దాటి వచ్చింది, 1323లో కోటే ఢిల్లీ వశమైంది. ఆ గోడ పక్కన పెరిగినవాణ్ని, రాయి ఒక్కటే కాపాడదని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఆటలో ఆ సంగతి మర్చిపోయి, గోడ కట్టాం కదా అని సరిహద్దులో కూడా పెజెంట్స్‌ని వదిలి రెండు నగరాలు పోగొట్టుకున్నా.

సరిహద్దులో నేనిప్పుడు పెట్టేది ఇది. గ్రీకులతోనో, సెల్యూసిడ్ రాజ్యంతోనో ఆడుతుంటే గేటు వెనక ఫాలాంక్స్ (పొడవాటి బల్లేలతో వరుస కట్టి నిలబడేవాళ్లు) రెండు దళాలు, గోడ మీద విలుకాళ్లు ఒకటి లేదా రెండు దళాలు. రోమన్లయితే గేటు దగ్గర కత్తి దళాలు. ఫాలాంక్స్‌ని గోడ ఎక్కించకండి, అక్కడ వాళ్లు వరుస కట్టలేరు, బల్లేలు పనికిరావు. ఒక చిన్న గుర్రపు దళం ఉంటే బయట ఉన్న శత్రువు ఒనేజర్ల (రాళ్లు విసిరే యంత్రాల) మీదికి దూకించవచ్చు. వీటన్నిటితో పాటు శాంతి కోసం ఒకటో రెండో పెజెంట్స్ దళాలు ఎలాగూ ఉండాలి.

డమాస్కస్ యుద్ధం చెప్పాలి. సెల్యూసిడ్ తరఫున ఆడిన క్యాంపెయిన్‌లో ఈజిప్ట్ సిడాన్ వైపు నుంచి వచ్చి ముట్టడించింది. నా దగ్గర లెవీ పైక్‌మెన్ (బల్లేల ఫాలాంక్స్) రెండు దళాలు, విలుకాళ్లు ఒకటి, పెజెంట్స్ ఒకటి ఉన్నాయి. పైక్‌మెన్ రెండు దళాలనీ గేటు వెనక ఏటవాలుగా, రెండు తలుపుల్లా నిలబెట్టి గార్డ్ మోడ్ (ఉన్నచోటే నిలబడే ఆదేశం) నొక్కాను. అది నొక్కకపోతే వెనక్కి తగ్గుతున్న శత్రువు వెంట పడి వరుస చెదిరిపోతుంది, అందరూ చేసే తప్పు అదే. రామ్‌తో (గేటు బద్దలుకొట్టే దూలంతో) గేటు పగిలింది. పైనుంచి మరిగే నూనె పడి ముందు వచ్చినవాళ్లు అక్కడే కూలారు. వెనకవాళ్లు తోసుకొస్తుంటే ఆ ఇరుకులో బల్లేల మొనలు తప్ప ఇంకేం కనిపించలేదు. రథాలు కూడా అందులోనే దూరి ఆగిపోయాయి. అప్పటిదాకా బాగుంది. తర్వాత ఎడమ వైపు గోడ మీదికి నిచ్చెనలు పడ్డాయి, విలుకాళ్లు చనిపోయారు, కొంతమంది గొడ్డలివాళ్లు దిగి వెనక వీధిలోంచి నడి చౌక్ వైపు పరిగెత్తారు.

చౌక్‌లో పెజెంట్స్ తప్ప ఎవరూ లేరు. చౌక్‌లో నిలబడిన దళం పారిపోదు, చచ్చేదాకా కొట్లాడుతుంది. ఈ సంగతి మీకు తెలిసి ఉంటే మీ పెజెంట్స్‌ని గేటు దగ్గరికి తీసుకెళ్లి చెదరగొట్టుకోరు. నేను వాళ్లను మొదటి నుంచీ అక్కడే ఉంచాను. పైక్‌మెన్‌లో సగాన్ని వెనక్కి తిప్పి తెచ్చేదాకా వాళ్లు ఆగారు. అంత టెన్షన్ ఈ ఆటలో ఇంకెప్పుడూ పడలేదు.

బాధ పెట్టే విషయం కూడా ఉంది. నలభై నగరాలు దాటాక ఈ కాపలా పని చాలా టైమ్ తింటుంది, ప్రతి నగరం తెరిచి చూడాలి. నగరంలో ఉన్న మిలీషియాకి జీతం మాఫీ చేసే పద్ధతి 2006లో ఇదే సిరీస్‌లోని మెడీవల్ 2లో వచ్చింది, అది ఇక్కడ లేదు. 2013లో వచ్చిన రోమ్ 2లో అయితే కట్టిన భవనాలను బట్టి కాపలా దానంతట అదే వస్తుంది. సులువే, కానీ ఏ నగరానికి ఎవరు అనే ఆలోచనంతా మన చేతిలోంచి పోతుంది. నాకు పాత పద్ధతే ఇష్టం.

డమాస్కస్‌లో ఆ రోజు 240 మంది పెజెంట్స్‌లో 31 మంది మిగిలారు. పైక్‌మెన్‌ని రీట్రైన్ చేసి నింపుకున్నాను. వీళ్లను నింపలేదు, వేరే దళంలో కలపనూ లేదు. పక్కనే కొత్త పెజెంట్స్ దళం ఒకటి తీసి పెట్టాను. ఆ 31 మంది కార్డు మీద అనుభవానికి గుర్తుగా ఒక కంచు గీత ఉంది. ఇప్పటికి ఆ క్యాంపెయిన్‌లో యాభై టర్నులు దాటాయి, వాళ్లు అక్కడే ఉన్నారు.