స్ట్రూప్ అట్ట: పిల్లలకు తెలుగుదా, ఇంగ్లీషుదా?

బెంగళూరు మారతహళ్ళిలో ఆదివారాలు మా అపార్ట్‌మెంట్ పిల్లలకు తెలుగు చెబుతాను. మొన్న వాళ్ళకోసం స్కెచ్ పెన్నులతో రెండు అట్టలు తయారుచేశాను. ఒకదానిమీద రంగుల పేర్లు తెలుగులో, రెండోదానిమీద ఇంగ్లీషులో. "ఎరుపు" అనే మాట నీలం సిరాతో, "నీలం" ఆకుపచ్చ సిరాతో. మాటను చదవకూడదు, సిరా రంగు చెప్పాలి.

1935లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ రిడ్లీ స్ట్రూప్ ప్రచురించిన ప్రయోగమిది. వంద రంగు గళ్ళ పేర్లు చెప్పడానికి సగటున 63.3 సెకన్లు పడితే, ఇలా పొసగని మాటల సిరా రంగు చెప్పడానికి 110.3 సెకన్లు పట్టింది. చదవడం మనకు ఎంతగా అలవాటైపోయిందంటే, వద్దనుకున్నా అర్థం ముందే నాలుక మీదికి వచ్చేసి, సిరా రంగు చెప్పడానికి అడ్డు పడుతుంది.

ఇంగ్లీషు అట్ట దగ్గర పిల్లలందరూ తడబడ్డారు. తెలుగు అట్టను ఎనిమిదేళ్ళ పాప మాత్రం గడగడా ముగించింది. నాకు ముందు ఆశ్చర్యమేసింది. తర్వాత "ఎరుపు" చదవమంటే వేలు పెట్టి "ఎ... రు..." అని కూడబలుక్కుంది. అక్షరాలు ఇంకా మాటగా మారని చోట అడ్డు ఎక్కడినుంచి వస్తుంది?

తెలుగు అట్టకు మరో చిక్కుంది. పసుపు సిరా చూసి మా అత్తగారు "పచ్చ" అన్నారు. అది తడబాటు కాదు, పసుపునూ ఆకుపచ్చనూ పచ్చ అనడం మన వాడుకే. ఏది పొరపాటో, ఏది వాడుకో గడియారం చెప్పదు. కాబట్టి పసుపు తీసేసి నలుపు పెట్టాను. తెల్ల అట్టమీద పసుపు సరిగా కనబడనూ లేదు.

రంగుల పేర్లకు బదులు "నిమ్మకాయ", "గడ్డి" లాంటి మాటలు రాసినా అడ్డు ఉంటుంది కానీ తక్కువ. మొదటిసారి చూపించడానికి అవి చాలవు.

బడిలో ఇంగ్లీషు చదివే పిల్లలకు ప్రయోగం చూపించడానికి ఇంగ్లీషు అట్టే మేలు. జవాబు కూడా ఇంగ్లీషులోనే చెప్పించాలి, ఎందుకంటే మాట ఒక భాషలో, జవాబు మరో భాషలో ఉంటే అడ్డు కొంత తగ్గుతుంది. పెద్దవాళ్ళకు తెలుగు అట్ట. ఆ పాపకు మాత్రం తెలుగు అట్టనే దాచాను. ఉగాది తర్వాత మళ్ళీ ఇస్తాను. అప్పుడు తను తడబడితే ఆ రోజు నాకు పండగే.