కారుకి యూరియా పోసిన ఏడేళ్లు

కొన్న కొత్తలో కనబడ్డ తెలుగువాళ్లందరికీ ఒకటే చెప్పేవాణ్ణి, ఒక్కసారి డీజిల్ నడిపితే మళ్లీ గ్యాస్ (అంటే పెట్రోల్) కారు ఎక్కబుద్ధి కాదని. 2014 మోడల్ సెడాన్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. కంపెనీ పేరు వద్దులెండి. ఏడేళ్లలో లక్షా పది వేల మైళ్లు తిరిగాక ఆ మాట సగమే నిజం అంటాను. అమెరికాలో మేముండే మినియాపోలిస్ నుంచి షికాగో 400 మైళ్లు. ఫుల్ ట్యాంకు కొట్టిస్తే అక్కడికి వెళ్లి, తిరుగుదారిలో సగం దూరం వచ్చేదాకా పంపు మొహం చూడక్కర్లేదు.

నా ఏడుపంతా యూరియాతోనే.

నల్గొండ దగ్గర మా నాన్న పొలానికి యూరియా కోసం సొసైటీ ముందు చెప్పులు వరసలో పెట్టి ఎదురుచూస్తాడు. నేనేమో ఇక్కడ రెండున్నర గాలన్ల డబ్బాలో యూరియా నీళ్లు కొని కారుకి పోస్తాను. ఫోన్లో చెబితే "బండికి ఎరువెందుకురా?" అన్నాడు. పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లనే హానికర వాయువులను విరిచేయడానికి. అప్పట్లో ఐరోపా వాళ్లు డీజిల్ కారుని కిలోమీటరుకు 0.18 గ్రాముల దాకా వదలనిస్తే, అమెరికా మైలుకు 0.07 దగ్గర గీత గీసింది. ఆ గీత దగ్గరే 2015లో ఫోక్స్‌వ్యాగన్ దొరికిపోయింది. పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఇంకోలా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టిందని తేలాక ఇక్కడ డీజిల్ కార్లు అమ్మడమే మానేసింది.

ఈ యూరియా నీళ్లు మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. మాకు జనవరిలో మైనస్ 20 మామూలే. కరిగించడానికి యూరియా ట్యాంకులో హీటర్ ఉంటుంది. నాలుగో చలికాలంలో అది పోయింది. పొద్దున్నే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక: 500 మైళ్ల తర్వాత ఇంజిన్ స్టార్ట్ కాదు. యూరియా అందక పొగ శుభ్రం కాకపోతే బండి నడవకుండా అలా కట్టడి పెట్టారు. ఇంజిన్‌కి ఏ రోగమూ లేదు, ట్యాంకు నిండా డీజిల్ ఉంది. అయినా ఆఫీసుకి వెళ్లొచ్చిన ప్రతిసారీ అంకె దిగుతోంది: 456, 412, 368. బీపీ చూసుకున్నట్టు చూసుకునేవాణ్ణి. 280 దగ్గర టెన్షన్ తట్టుకోలేక బండి ఆపేసి, మా ఆవిడ కార్లో పడ్డాను. డీలర్ దగ్గర డీజిల్ తెలిసిన మెకానిక్ ఒక్కడే, మూడు వారాల తర్వాత రమ్మన్నారు. తీరా వెళితే హీటర్ విడిగా రాదట, ట్యాంకు మొత్తం మార్చాలట. 1,600 డాలర్లు.

మైలేజీలో రాబట్టుకుందామా అంటే, నేను అందరికీ గొప్పగా చెప్పిన గాలన్‌కి 42 మైళ్లు హైవే మీది లెక్క. మంచులో ఊళ్లో తిప్పితే 29. పైగా ఫెడరల్ పన్ను గాలన్‌కి గ్యాస్ మీద 18.4 సెంట్లయితే డీజిల్ మీద 24.4. మన దగ్గర ఏళ్ల తరబడి డీజిల్ చవక కాబట్టి మా బాబాయి డీజిల్ బండే కొన్నాడు. నేను ఆ అలవాటుతో ఇక్కడ కొన్నాను.

చలి తక్కువుండే టెక్సస్‌లో ఉంటూ లాంగ్ డ్రైవులు చేసేవాళ్లకి ఇదే కారు బంగారం కావచ్చు. షికాగోలో మా అక్క ఉన్నంతకాలం నేనూ అమ్మను. బేస్‌మెంట్‌లో మాత్రం రెండు డబ్బాల స్టాక్ ఎప్పుడూ ఉంటుంది. ఆ సంగతి నాన్నకి చెప్పలేదు.